న్యాయవృత్తికి వెళ్లు మన బిడ్డలకు రెండు ఊళ్ల పాఠము



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల సంఘముల నుండి ఒకప్పుడు ఎక్కువగా ఉపాధ్యాయులు, నర్సులు వచ్చేవారు. ఇప్పుడు న్యాయవాదులు, పోలీసు అధికారులు, కోర్టు ఉద్యోగులు కూడా వస్తున్నారు. సంతోషమే. అయితే వారికి మనము ఏమి నేర్పి పంపుచున్నాము? ఈ ప్రశ్నకు జవాబు మన ప్రాంత చరిత్రలోనే ఉన్నది.

బాపట్ల, చీరాల మధ్య రైలుమార్గములో స్టువర్టుపురము ఉన్నది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో కొత్త రూపముతో మద్రాసు రాజధానికి వర్తించింది. దాని క్రింద 1913లో ఇక్కడ ఎరుకల కుటుంబములకు సెటిల్‌మెంటు ఏర్పరచి, మద్రాసు ప్రభుత్వములోని సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. వారు బడి పెట్టారు, భూమి చూపించారు, పని ఇప్పించారు. ఇది మరువరాదు. కాని అదే చేతులతో హాజరు పుస్తకము కూడ పట్టుకొన్నారు. పాసు లేనిదే ఊరు దాటరాదు. ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటించుట న్యాయమా అని ఏ కోర్టూ ప్రశ్నించరాదని చట్టములోనే వ్రాశారు. చేసిన పనిని బట్టి కాక, పుట్టిన ఇంటిని బట్టి మనిషి దోషి అయ్యాడు. ఆ చట్టము మద్రాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయింది. ఊరి మీద పడిన మచ్చ మాత్రము అంత త్వరగా పోలేదు. దానిని తుడుచుటకు తరువాతి కాలములో పాటుపడినవారిలో నాస్తికులైన లవణం, జాషువా గారి కుమార్తె హేమలత దంపతులు ముఖ్యులు. ఇది మనము వినమ్రతతో ఒప్పుకొనవలసిన సంగతి.

రెండవ ఊరు తెనాలి దగ్గరి చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులు హతులైరి. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము క్రింద ప్రత్యేక న్యాయస్థానము ఆ ఊరిలోనే కూర్చున్నది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడినవి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. తొలి తీర్పుకే పదహారేళ్లు పట్టింది. ఇట్టి కేసులో పోలీసు వ్రాసే మొదటి కాగితము, సాక్షి ధైర్యము, న్యాయవాది శ్రమ, న్యాయమూర్తి వివేచన, ప్రతి ఒక్కటీ ఒకరి బ్రదుకే.

న్యాయ కళాశాలలలో వృత్తినీతి తప్పనిసరి పాఠ్యాంశము. కాని ఆ మనస్సాక్షి అంతకు ముందే సండే స్కూలులో, హాస్టలులో, ఇంటిలో రూపొందుతుంది. దానిని పాడుచేసేదీ మనమే. "అయ్యగారూ, ఆ ఎస్సై మన సంఘపు పిల్లవాడే కదా, మావాడి కేసు గురించి ఒక్కమాట చెప్పండి" అని ఒకరు అడిగితే, నేను ఒకసారి వెళ్లి చెప్పాను. ఆ యువకుడు తలవంచుకొని, "మీరే ఇలా అడిగితే ఎలాగండి?" అన్నాడు. ఆ మాట నాకు ప్రసంగమైనది.

లంచమును అసహ్యించుకొనువారినే న్యాయాధిపతులుగా ఏర్పరచుకొమ్మని మోషేకు అతని మామ యిత్రో సలహా ఇచ్చాడు. అట్టివారు కావాలంటే ముందు వారిని మనము సిఫారసులతో వేధించుట మానాలి. మన యౌవనులను ఒక దినము కోర్టు హాలులో కూర్చోబెడదాము, మరొక దినము స్టువర్టుపురము పెద్దల మాట వినిపిద్దాము. ఎదుట నిలిచినవాని పుట్టుకను కాక పనిని చూడగల కన్ను వారికి కలుగును గాక.