మాధవవర్మ రథము - బెజవాడ వీథులు



బెజవాడ యనగానే మనలో పెద్దలకు దుర్గమ్మవారి కొండయు, దాని పాదముల నొరసికొని పాఱు కృష్ణవేణియు మనసున మెదలును. ఆ కొండకు సంబంధించిన పాతకథ యొకటి మీలో చాలమంది చిన్ననాటనే వినియుందురు. మాధవవర్మ యను రాజు విజయవాటికను ఏలుచుండగా, ఆయన కుమారుడు రథమెక్కి పురవీథిని అతివేగముగా పోవుచుండెనట. చింతచిగురు అమ్ముకొను ఒక పేదరాలి కొడుకు ఆ చక్రముల క్రింద బడి మరణించెను. తల్లి రాజునొద్ద మొఱపెట్టుకొనెను. రాజు విచారించి తన కుమారునికే మరణదండన విధించెను. ఆ ధర్మనిష్ఠకు మెచ్చి దేవత పట్టణముపై కనకవర్షము కురిపించెనని స్థలపురాణము.

ఇది చరిత్ర యని నేను వాదింపను. విష్ణుకుండిన వంశమున మాధవవర్మలు ఒకరికంటె నెక్కువమంది కలరు. వారిలో ఎవరికి ఈ కథ చెందునో తేల్చుట పండితుల పని. తమిళదేశమున తిరువారూరులో మనునీతి చోళుని కథయు ఇట్టిదే. అచ్చట చక్రము క్రింద బడినది ఆవుదూడ. నన్ను ఆకర్షించినది ఈ కథలో లేని మాట. "పిల్లవాడు వీథిలోనికి ఏల వచ్చెను? తల్లి చూచుకొనవద్దా?" అని రాజు గాని, మంత్రులు గాని, పురజనులు గాని ఎవ్వరును అడిగినట్లు లేదు.

ఈ మాట నాకు తట్టుటకు కారణము కలదు. కొన్నియేండ్ల క్రిందట మా పెదతండ్రిగారు కంటివైద్యమునకై గుడ్లవల్లేరు వైపునుండి బెజవాడ వచ్చిరి. నేను వెంటనుంటిని. బందరు రోడ్డు దాటుచుండగా ఒక మోటారుసైకిలు ఆయనను తాకి పడవేసినది. కాలు విరిగినది. జనులు మంచివారు, పరుగెత్తి వచ్చి, లేవనెత్తి, సోడా త్రాగించి, ఆటోలో కూర్చుండబెట్టిరి. అయినను చేరినవారందరును ఒక్కమాటయే చెప్పిరి: "పెద్దాయన చూచుకొని నడవవద్దా?" అంతకంటె నన్ను బాధించినది ఆయన మాట. "నాదే తప్పురా అబ్బాయీ, పట్నములో నడచుట నాకు రాదు" అనెను. కాలువగట్ల వెంబడి ఎనుబది యేండ్లు నడచిన మనిషి, తనకు నడక రాదని ఒప్పుకొనెను!

నేరము రథమునుండి పాదచారిమీదికి ఎప్పుడు, ఎట్లు మాఱెనో తెలిసికొనవలెనని అప్పటినుండి నాకు ఆసక్తి కలిగినది.

సర్ ఆర్థరు కాటను దొర పథకము ననుసరించి కెప్టెన్ ఆర్ 1852లో మొదలుపెట్టి 1855లో ముగించిన ఆనకట్టతో మన డెల్టా స్వరూపమే మాఱినది. ఏలూరు కాలువ, రైవసు కాలువ, బందరు కాలువ పట్టణము నడుమనుండి సాగినవి. అవి పొలములకు నీటిని మాత్రమే గాక, మనుష్యులను, ధాన్యమును గూడ మోసినవి. గాలి లేనపుడు మనుష్యులు గట్టుమీద నడచుచు పడవలను త్రాళ్లతో లాగెడివారు. కావున ఆనాటి వాహనపు వేగము మనిషి నడకయే. గట్టే దారి, దారియే ఊరి చావడి. ఎడ్లబండి వచ్చినను పిల్లవాడు పక్కకు తొలగుటకు వ్యవధి యుండెడిది.

తరువాత రైలు వచ్చినది. 1889లో నిజాము రాజ్యమునుండి బెజవాడకు మార్గము కలిసినది. 1893లో కృష్ణపై వంతెన ముగిసి దక్షిణదేశముతో సంబంధమేర్పడినది. రైలు మహావేగము గలదే. అయినను దానికి ప్రత్యేకముగ కట్టయు, గేటును, ఎఱ్ఱజెండాయు ఏర్పరచిరి. మోటారు విషయమున ఆ జాగ్రత్త లేకపోయెను. అది తిన్నగా వచ్చి, అదివఱకే మనుష్యులు నడచుచున్న వీథిలో ప్రవేశించెను. నా అభిప్రాయమున కష్టమంతయు ఇచ్చటనే పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధకాలపు బొగ్గు బస్సులు ఎత్తు వచ్చినచోట ఆయాసపడెడివని పెద్దలు చెప్పుకొనెడివారు. వాటివలన ఎవరికిని అంత భయము లేదు. భయము తరువాతిది.

అమెరికాలోని వృత్తాంతము ఇంకను స్పష్టము. 1920 ప్రాంతమువఱకు అచ్చటి పట్టణములలో మోటారు క్రింద బిడ్డ మరణించినచో జనులు నడిపినవానినే నిందించిరి. మోటారు వర్తకులకును, సంఘములకును ఇది నచ్చలేదు. వారు "జేవాకరు" అను మాటను ప్రచారములోనికి తెచ్చిరి. "జే" యనగా పట్నపు మర్యాద తెలియని పల్లెటూరి మొద్దు. 1925లో లాస్ ఏంజెలిసు నగరము నడచువారిని కట్టడిచేయు శాసనమును తెచ్చినది. ఇతర పట్టణములు దాని ననుసరించినవి. మా పెదతండ్రిగారి నోట వచ్చిన మాట ఎంత దూరమునుండి ప్రయాణము చేసి వచ్చినదో చూడుడు.

మన జిల్లా బస్సుల చరిత్రలో ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యము కలదు. కృష్ణాజిల్లా మార్గములను ప్రభుత్వపరము చేయుటకు 1957లో పథకము వెలువడినది. బస్సు యజమానుల ఆక్షేపణలను శాఖా కార్యదర్శి వినెను. నిర్ణయము మాత్రము ముఖ్యమంత్రి చేసెను. 1958 జనవరి 11న రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. గుళ్ళపల్లి నాగేశ్వరరావు పేరిట నడచిన ఆ వ్యాజ్యములో అదే సంవత్సరము నవంబరున సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, విన్నవాడొకడును నిర్ణయించువాడొకడును అయినచో ఆ విచారణ వట్టి తంతు యగునని పథకమును కొట్టివేసినది. తరువాత ముఖ్యమంత్రియే స్వయముగా విని మరల నిర్ణయింపగా, అది 1959లో నిలిచినది. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని దీనిని చదువుదురు. ఆ న్యాయము నాకు మిక్కిలి ప్రియమైనది. కాని ఒక సందేహము. యజమానుల మాట వినుటకు ఒక చోటు కలదు. బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకొని రోడ్డు దాటువాని మాట వినుటకు రోడ్డు వెడల్పుచేయు నాడు చోటెక్కడ?

గంటకు 50 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు సాగును. ముసలివాడు ఆ సెకనులో ఒక మీటరు నడచును. ఇందులో జాగ్రత్త చేయగలిగినది కొంచెమే. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణించినట్లు ప్రభుత్వ లెక్క. వారిలో 32,825 మంది నడచుచున్నవారే.

మనవంటి కాలువల దేశము, పల్లపు నేల యైన హాలండులోను ఇట్టి దుఃఖమే కలిగినది. 1971లో అచ్చట మూడువేలకు పైబడి రోడ్లమీద చనిపోయిరి. వారిలో నాలుగువందలకు మించి పిల్లలు. తల్లిదండ్రులు "పిల్లల హత్య మానుడు" అని వీథులకెక్కిరి. పిల్లలను తిట్టుట గాక, రోడ్లను మార్పించిరి. సైకిళ్లకు వేఱు బాటలు వేయించిరి. ఇండ్ల నడుమ బండ్ల వేగము తగ్గించిరి. మన డెల్టాలోను సైకిలు త్రొక్కుటకు ఎత్తుపల్లములు అడ్డురావు. అడ్డము వచ్చునవి లారీలు.

మనవారు ఏమియు చేయలేదనుట అన్యాయము. 2019 చట్టసవరణ రోడ్డు రూపకల్పనలోని దోషమునకు కంట్రాక్టరును, సంబంధిత అధికారవర్గమును గూడ బాధ్యులను చేసినది. అడ్డంకి లేని కాలిబాట రాజ్యాంగములోని 21వ అధికరణము క్రింది హక్కని 2025 మే నెలలో సుప్రీముకోర్టు చెప్పినది. కాగితముమీద ఇది మాధవవర్మ తీర్పునకు దగ్గరగనే యున్నది. బెజవాడలో బస్సులకు వేఱు దారియని రోడ్డు నడుమ వరుసలు కట్టిరి; సత్యనారాయణపురమున ఎత్తివేసిన పాత రైలుమార్గముపై గూడ వేసిరి. బస్సుల ఏర్పాటు నిలువలేదు. బి.ఆర్.టి.ఎస్. రోడ్డను పేరు నిలిచినది. ఆ అక్షరములకు అర్థమేమని అడిగినచో ఆటోవాడు నవ్వును. దండియాత్రలో కాలినడకన సముద్రమునకు పోయిన మహాత్ముని పేరే బందరు రోడ్డుకు పెట్టిరి. అందు నేను నడచిన కాలిబాట చాలచోట్ల మురుగుకాలువపై పరచిన పలకలే. వాటిపై మోటారుసైకిళ్లు నిలుపుదురు.

ఒక్కచోట మాత్రము మేలు కనబడును. కొండకును నదికిని నడుమనున్న ఇరుకుదారిలో హైదరాబాదు బండ్లన్నియు భక్తులను త్రోసికొని పోవుచుండెడివి. 2020 అక్టోబరులో కనకదుర్గ వంతెన తెఱచిన పిమ్మట వాటిలో చాలభాగము పైకెక్కినవి. ఇక దసరా వచ్చినచో పోలీసువారు బండ్లను దూరమునుండియే మళ్లింతురు. అప్పుడు ఆ కొండక్రింద, ఆ కథ పుట్టినచోటనే, వృద్ధులు రోడ్డు నడుమ నడతురు. పిల్లలు చేయి వదిలించుకొని పరుగెత్తుదురు, తల్లులు వారింపరు. నిరుడు మా పెదతండ్రిగారును కఱ్ఱ ఊతముగ వచ్చి, ఎవరి సాయమును లేక, అటునుండి ఇటు దాటి, మరల ఇటునుండి అటు దాటిరి. పని యేమియు లేదు. పండుగ ముగిసిన మఱునాడు కూలీలు వచ్చి అడ్డుకట్టిన వెదుళ్లను విప్పి, లారీలో వేసికొని పోయిరి.