డీవీడీ మార్పిడి సాఫ్ట్‌వేర్

డీవీడీలోని వీడియోను ఫైలుగా మార్చే ప్రోగ్రామును డీవీడీ మార్పిడి సాఫ్ట్‌వేర్ అంటారు. ఒక పొర డిస్కులో 4.7, రెండు పొరల డిస్కులో సుమారు 8.5 గిగాబైట్ల సమాచారం పడుతుంది. డీవీడీ దృశ్యాలు సాధారణంగా ఎంపెగ్-2 పద్ధతిలో ఉంటాయి. తర్వాత వచ్చిన హెచ్.264, హెచ్.265 పద్ధతులు దాదాపు అదే నాణ్యతను తక్కువ బిట్లలో ఇముడ్చుతాయి. ఈ పద్ధతుల్లోకి మార్చినప్పుడు ఫైలు పరిమాణం తగ్గడానికి ఇదే కారణం.

ఎంపికలో ముందుగా చూడవలసింది అవసరం. పరిమాణం తగ్గించాలంటే హ్యాండ్‌బ్రేక్ అనువైనది. 2003లో ఎరిక్ పెటిట్ బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రూపొందించిన ఈ ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్‌లపై పనిచేస్తుంది. ఎంపీ4, ఎంకేవీ ఫైళ్లను ఇస్తుంది. డీవీడీ స్థాయి దృశ్యాలకు దీని స్థిర నాణ్యత విలువ 18 నుంచి 22 మధ్య సరిపోతుంది. విలువ తగ్గేకొద్దీ నాణ్యత, పరిమాణం రెండూ పెరుగుతాయి. మేక్‌ఎంకేవీ అనే మరో ప్రోగ్రాము అయితే దృశ్యాన్ని మళ్లీ కుదించదు. అందువల్ల నాణ్యత చెక్కుచెదరదు, పరిమాణమూ పెద్దగా తగ్గదు.

కదిలే బొమ్మల అంచుల్లో కనిపించే అడ్డగీతలను తొలగించే డీఇంటర్లేసింగ్, ఉపశీర్షికలను, వేర్వేరు భాషల ఆడియోలను నిలుపుకునే వీలు కూడా ముఖ్యమే. వాణిజ్య డిస్కులకు తరచూ ఉండే, నకలు తీయకుండా అడ్డుకునే సీఎస్ఎస్ రక్షణను హ్యాండ్‌బ్రేక్ స్వయంగా తొలగించదు. ఇంట్లో తయారైన పెళ్లి, వేడుకల డీవీడీలకు సాధారణంగా ఆ రక్షణ ఉండదు.