అమిగా లోపలి సందేశాలు

1985 జులై 23న న్యూయార్క్‌లో కమొడోర్ సంస్థ ఆవిష్కరించిన అమిగా కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌కు సందేశం పంపితే, మెమరీలో ఒక్క అక్షరం కూడా కదిలేది కాదు. సందేశం ఉన్నచోటే ఉండేది, దాని అడ్రస్ మాత్రమే చేతులు మారేది. కానీ ఆనాటి ఆవిష్కరణ సభలో చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ అమిగాపై గాయని డెబీ హ్యారీ బొమ్మ వేసిన ముచ్చటే జనానికి గుర్తుండిపోయింది.

సందేశం పంపి జవాబుకోసం ఆగే పద్ధతి 1960ల చివర్లో డెన్మార్క్‌లో పెర్ బ్రింక్ హాన్సెన్ ఆర్‌సీ 4000 యంత్రానికి రాసిన వ్యవస్థలోనే ఉంది. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ట్రైపాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌దీ అదే దారి. అమిగాలో ఫైళ్లను చూసుకునే అమిగాడాస్‌కు ఆధారం ఆ ట్రైపాసే.

అమిగా గుండెకాయ ఎగ్జెక్ అనే కెర్నెల్. రాసినవాడు కార్ల్ సాసన్‌రాత్. సందేశం తలకట్టు 20 బైట్లు: వరుసలో ముందూ వెనకా ఏవున్నాయో, జవాబు ఏ పోర్టుకు (సందేశాలు చేరే పెట్టెకు) రావాలో, పొడవెంతో అందులోనే ఉండేవి. అందుకున్న ప్రోగ్రామ్ పని ముగించి తిరిగి ఇచ్చేదాకా, పంపిన ప్రోగ్రామ్ ఆ సందేశాన్ని ముట్టుకోకూడదు. మౌస్ నొక్కినా ప్రోగ్రామ్‌కు చేరేది ఇలాంటి సందేశమే. 256 కిలోబైట్ల మెమరీలో నకళ్లు తీసే విలాసం ఎక్కడిది? ఈ పొదుపుకు మూల్యం కూడా ఉంది. అందరికీ ఒకే మెమరీ, మధ్య గోడల్లేవు. ఒక్క ప్రోగ్రామ్ తప్పటడుగు వేస్తే మొత్తం యంత్రం పడిపోయి, తెరమీద 'గురు మెడిటేషన్' మెరిసేది. పాత ప్రోగ్రాములు చెడకుండా ఆ గోడలు తర్వాత కట్టడం దాదాపు అసాధ్యమైంది.

అసలు పండగ 1987లో మొదలైంది. ఐబీఎంలో మైక్ కౌలిషా రూపొందించిన రెక్స్ అనే స్క్రిప్టు భాషను విలియం హాస్ ఏరెక్స్‌గా అమిగాకు తెచ్చాడు. దాంతో ప్రోగ్రాముల పోర్టులకు మామూలు మాటల్లో ఆజ్ఞలు పంపే వీలు వాడేవారికే దక్కింది. స్క్రిప్టులో పోర్టు పేరు చెప్పి కింద ఆజ్ఞ రాస్తే, జవాబుగా ఒక అంకె వచ్చేది: 0 అంటే పని అయినట్టు, 10 అంటే తప్పు జరిగినట్టు. యానిమేషన్ చేసేవారు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ప్రొఫెషనల్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌కు వందల బొమ్మలు అప్పజెప్పి, రాత్రంతా దానిచేత పని చేయించేవారు. 1990లో ఏరెక్స్ అమిగా ఓఎస్ 2.0లో భాగమైంది. ఇప్పటి ఫోన్లలోనూ ప్రోగ్రాములు మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఆ మాటల్లో వేలుపెట్టే హక్కు మాత్రం వాడేవాడికి దాదాపు పోయింది. ఇది చిన్న నష్టమేమీ కాదు.

1994లో కమొడోర్ దివాలా తీసింది. అయినా ఆ పద్ధతి పోలేదు: అమిగాకు సి కంపైలర్ రాసిన మాట్ డిల్లన్, 2003లో డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టినప్పుడు, కెర్నెల్ లోపలి సందేశాల పద్ధతికి అమిగానే నమూనాగా తీసుకున్నాడు.