రెండు తీగలు, ఒకే సముద్రం

దోహాలో నాకు తెలిసిన ఒకాయనకి చిన్న ఆఫీసుంది. స్టాఫ్ పదిమందే గానీ, సైట్లలో పనిచేసేవాళ్ళు రెండు వందల పైచిలుకు. ఎక్కువమంది మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళే. "తమ్ముడూ, నెట్ పోతే ఇంకోటి దానంతటదే రావాలి" అన్నాడాయన. ఎమ్మెస్ చదివినవాణ్ణి కదా, ఇదీ ఒక పనేనా అనుకున్నా. రెండు లైన్లు తెప్పించి, మొదటిది పోతే రెండోదానికి మారేలా రూటర్లో ఒక స్టాటిక్ రూట్ రాసి చేతులు దులుపుకున్నా.

సరిగ్గా జీతాల రోజే దెబ్బ తగిలింది. రూటర్ మీద లైటు పచ్చగానే ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు. గోడ దాకా తీగ బాగానే ఉంది కాబట్టి రూటర్ దృష్టిలో అంతా క్షేమం! చేత్తో రెండోదానికి మార్చా. అదీ అంతే. దేశం దాటాక రెండింటిదీ ఒకే దారన్నమాట. లెక్కల సాఫ్ట్‌వేర్ ఎక్కడో పరదేశపు సర్వర్లో ఉంది, అది లేనిదే బ్యాంకు ఫైలు తయారవదు. జీతం గడువు దాటిన ఏడు రోజుల్లోపు బ్యాంకులో పడాలని 2015 నుంచి ఇక్కడ చట్టం. మర్నాటికి సర్దుకుంది గానీ, ఆ సాయంత్రం గేటు దగ్గర ఒకతను "అన్నా, పైసలు ఇయ్యాల పడ్తయా?" అనడిగితే తలెత్తలేకపోయా.

నిజానికి ఈ పాఠం 2008లోనే చెప్పేశారు. ఆ జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్ళు రెండూ తెగాయి. భారతదేశపు ఇంటర్నెట్ సామర్థ్యం దాదాపు సగం పడిపోయిందని అప్పట్లో వార్తలొచ్చాయి. రెండు రోజుల్లో దుబాయ్ దగ్గర ఫాల్కన్ తెగింది, ఎవరో వదిలేసిన ఐదారు టన్నుల లంగరు పుణ్యం. ఫిబ్రవరి 3న ఖతార్, యూఏఈల మధ్య కేబుల్ కూడా మొరాయించింది. పేర్లు వేరు, యజమానులు వేరు, సముద్రం మాత్రం ఒకటే. 2024లో ఎర్రసముద్రంలోనూ ఇదే కథ.

సరే, మరి ఏం చెయ్యాలి? పెద్దవాళ్ళ మందు బీజీపీ. 1989లో లౌహీడ్, రెఖ్టర్ అనే ఇద్దరు భోజనాల దగ్గర కాగితపు రుమాళ్ళ మీద గీసిన ప్రోటోకాల్ అది. కానీ దానికి సొంత ఏఎస్ నంబరు, కనీసం 256 అడ్రసుల బ్లాకు కావాలి. పదిమంది ఆఫీసుకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

నేను మళ్ళీ ఆ స్టాటిక్ రూట్‌నే ఉంచా. కాకపోతే రూటర్ ఇప్పుడు పక్క గేట్‌వేని కాదు, దేశం బయట రెండు వేర్వేరు చోట్లని పింగ్ చేస్తుంది. రెండూ పలక్కపోతేనే లైను మారుతుంది. రెండో లైను వేరే కంపెనీది తీసుకున్నాం, అదీ "మీ దారి ఏ కేబుల్ మీదుగా?" అని అడిగి మరీ. జీతాల ఫైలు రెండు రోజుల ముందే తయారవుతుంది.

ఈ చివరిదానికి ఏ రూటరూ అక్కర్లేదు. ముందుగా తట్టాల్సింది అదే.