యంత్రము మారినను మాట మారదు

గోదావరి సీమవారు ఆనపకాయ యన్నదానిని ఇతర జిల్లాలవారు సొరకాయ యందురు. వస్తు వొక్కటే, పేర్లు రెండు. కంప్యూటరు ఆజ్ఞలలోను ఇట్టి భేదమే కలదు. దస్త్రముల పట్టిక కావలెనన్న యూనిక్స్‌లో ‘ఎల్‌ఎస్’ అని కొట్టవలెను; విండోస్ కమాండ్ ప్రాంప్టునకు ‘డిర్’ అన్ననే తెలియును. ఒకదానికి అలవాటుపడిన వ్రేళ్లు రెండవదానియెదుట తడబడును.

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ నిర్మాణమునకు పూనుకొనిరి. నాటి ఆజ్ఞలు టెలిటైపు యంత్రముపై కొట్టవలసినవి. సెకనుకు పది అక్షరములు మాత్రమే ముద్రించు ఆ యంత్రముపై పొట్టిమాటయే మేలు. కనుక నకలు తీయుటకు ‘సీపీ’, తరలించుటకు ‘ఎంవీ’, తొలగించుటకు ‘ఆర్‌ఎం’ అను పేర్లు నిలిచినవి. 1973లో యూనిక్స్‌ను సీ భాషలో తిరిగి వ్రాసిరి. దానితో అది పలురకముల యంత్రములకు వ్యాపించెను. వ్యాపించినకొలది శాఖలు చీలెను.

ఈ చీలికకు కట్టుబాటుగా 1988లో పోసిక్స్ ప్రమాణము వెలువడెను. ఆజ్ఞల నియమములు 1992లో అందు చేరినవి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్, 2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్ ఆ పాతమాటలనే స్వీకరించినవి. 2006లో వచ్చిన పవర్‌షెల్ ద్వారా విండోస్ సైతము ‘ఎల్‌ఎస్’ను గుర్తించెను, కాని దాని వెంట వ్రాయు అనుబంధాక్షరములు వేరు. 2016లో విండోస్ లోపలనే లినక్స్ ఆజ్ఞలు నడపు ఏర్పాటును మైక్రోసాఫ్ట్ ప్రకటించెను.

పేరు తెలిసినంతమాత్రమున మర్యాద తెలిసినట్లు కాదని నే నొకనాడు నష్టపడి గ్రహించితిని. విండోస్‌లో ‘కాపీ’ యన్న ఆజ్ఞ, అదే పేరుగల దస్త్ర మున్నచో, దానిని చెరిపివ్రాయుటకు ముందు అనుమతి యడుగును. లినక్స్‌లోని ‘సీపీ’యు అట్లే అడుగునని నమ్మితిని. అది అడుగలేదు. మూడుదినములు శ్రమించి సిద్ధపరచిన పింఛను వ్యవహారపు చిత్తుప్రతి క్షణములో పోయినది. ఫలితమునకై ఎదురుచూచు ఒక విశ్రాంత ఉద్యోగి మరి మూడు దినములు నిరీక్షింపవలసివచ్చెను. ఆజ్ఞతో ‘ఐ’ అను అక్షరము చేర్చియున్న అదియు అడిగియుండెడిదే!

ఊరూరు తిరుగు ఉద్యోగులమైన మనకు ఇది క్రొత్తపాఠము కాదు. మన మాట ఎక్కడికైనను వెంట రావచ్చును. అక్కడి ఆచారమును మాత్రము అడిగి తెలిసికొనవలెను.