సింహాచలం మీదుగా వాల్తేరు

1989 జూలైలో ఒక మంగళవారం పొద్దున్నే అమ్మా నేనూ విజయనగరంలో బస్సెక్కాం. ఎక్కడికని అడిగిన ఇరుగుపొరుగుతో అమ్మ, "సింహాచలం. అప్పన్నకి మొక్కుంది" అని చెప్పింది. మేం బయల్దేరింది వాల్తేరు పిచ్చాసుపత్రికి. అమ్మకు అబద్ధం చేతకాదు. ఆడిన మాట నిజం చెయ్యడానికి ముందు కొండెక్కింది. కప్పస్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని, వెనక వరస పెరిగిపోతున్నా చాలాసేపు వదల్లేదు. తర్వాత ఇంకో బస్సు పట్టుకుని వచ్చి ఆస్పత్రి ఓపీ వరసలో నిలబడ్డాం. ఆ తర్వాత ఏడేళ్లు, నెలకోసారి, అదే దారి.

అప్పటికి నాకు 28 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే వాక్యం మధ్యలో ఆగిపోయేదాన్ని. తర్వాతి మాట తెలుసు, కానీ దాన్ని నోటిదాకా తెచ్చుకునే ఓపిక ఉండేది కాదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది. అప్పట్నుంచి కోడికూత దాకా గుండెల మీద రోలు పెట్టినట్టుండేది. అన్నానికి రుచి లేదు, మల్లెపూలకు వాసన లేదు. "ఏటి తక్కువైనాదే నీకు?" అని మా పెద్దత్త అడిగేది. ఆమె కోపంతో అడగలేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. నాకు ఏమీ తక్కువ కాలేదు. అందుకే ఇంకా భయం వేసేది.

వాల్తేరు పేరు ఎందుకు దాచాలో ఉత్తరాంధ్రలో ఎవరికీ చెప్పక్కర్లేదు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఎలాగో మాకు వాల్తేరు అలాగ. "వీణ్ణి వాల్తేరు పంపాలి" అంటే అది తిట్టు. 1953లో జాల్నా నుంచి ఎర్రగడ్డకు ఆస్పత్రి వచ్చేనాటికే వాల్తేరుకు ఎనభై ఏళ్లు దాటాయి. 1871లో మద్రాసు ప్రభుత్వం మద్రాసులో కొత్త పిచ్చాసుపత్రి తెరిచి, దక్షిణాన తిరుచిరాపల్లిలో ఒకటి, ఉత్తర జిల్లాల కోసం ఇక్కడ ఒకటి పెట్టింది. అంతకు పదమూడేళ్ల ముందు, 1858లో చేసిన చట్టం పోలీసులకూ మెజిస్ట్రేటుకూ అధికారమిచ్చింది. రోడ్ల మీద తిరిగేవాణ్ణి, జనానికి ప్రమాదమనిపించినవాణ్ణి పట్టుకొచ్చి లోపల ఉంచొచ్చు. ఆనాటి వార్షిక నివేదికల్లో రోగాల పట్టికలుండేవి. ఉన్మాదం ఒక గడి, మెలంకోలియా అనే విషాదరోగం ఇంకో గడి, పక్కనే కారణాల పట్టికలో గంజాయి, సారా.

ఇన్నేళ్లు చరిత్ర చెప్పినదానిగా నాకు తోచేది ఒకటుంది. పోలీసుల చేత మొదలైన వైద్యానికి అరిచే రోగి దొరుకుతాడు గానీ గోడవైపు తిరిగి పడుకున్న మనిషి దొరకదు. మా మామ్మ చెల్లెలు అలా గోడవైపు తిరిగినవాళ్లలో ఒకతె. మూడో కాన్పు తర్వాత పసిపిల్లకు పాలివ్వడానికి కూడా ఇటు తిరిగేది కాదట. చిల్లంగి పెట్టారన్నారు. వేపమండలతో కొట్టించారు, మిరపకాయల పొగ వేయించారు. ముప్పై నిండకుండానే పోయింది. ఎలా పోయిందో మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచి చెప్పరు. ఆ ఊరి నుంచి వాల్తేరు యాభై మైళ్లు కూడా లేదు. ఒకవేళ తెచ్చినా 1940ల్లో అక్కడ ఆమెకు ఇవ్వడానికి ఏముండేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పడక, తిండి, నిద్రమందు. మందంటూ ఇంకా పుట్టలేదు.

రోగానికి పేరు మాత్రం మనకు ఏనాడో ఉంది. మామ్మ దాన్ని "మనేద" అనేది. తెలంగాణలో మనాది అంటారు. సంస్కృతంలో ఒంటి బాధ వ్యాధి, మనసు బాధ ఆధి. రెంటినీ జంటగా ఆధివ్యాధులు అన్నారు. జంటలో ఒకదానికి వైద్యుణ్ణి పిలిచి, రెండోదానికి మంత్రగాణ్ణి పిలిచిన తప్పు భాషది కాదు.

నాకిచ్చిన మాత్ర ఇమిప్రమిన్, 25 మిల్లీగ్రాములది. చీటీ మీద డెప్సోనిల్ అని రాశారు. మొదట రాత్రికి ఒకటి, తర్వాత మెల్లగా పెంచారు. "మూడు వారాలదాకా ఏమీ తెలీదమ్మా, నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి, అయినా ఆపకండి" అన్నారు డాక్టరుగారు. ఆయన చెప్పినవన్నీ వచ్చాయి. ఇరవైమూడో రోజున వంటింట్లో అమ్మ చారుకి పోపు వేస్తుంటే ఇంగువ వాసన తగిలింది. లేచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ ఏమీ అనలేదు, గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం ఆగింది.

ఆ మాత్ర ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని బాగయ్యాక పట్టుదల వచ్చింది. స్విట్జర్లాండులో కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున మున్‌స్టర్‌లింగెన్ అనే చిన్న ఊళ్లో ఒక మానసిక వైద్యశాల. అక్కడి డాక్టరు రోలాండ్ కూన్. బాసెల్‌లోని గైగీ కంపెనీ ఆయనకు జీ 22355 అని అంకెతో పిలిచే పదార్థం పంపింది. స్కిజోఫ్రెనియాకు పనికొస్తుందేమోనని చూశారు, రాలేదు, కొందరిలో అలజడి పెరిగింది. అక్కడితో వదిలేసి ఉంటే నా కథ వేరే. 1956 జనవరిలో దాన్ని తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న ఒకామెకు ఇచ్చారు. వారం తిరక్కుండానే మార్పు కనిపించింది. ఆ తర్వాత మరికొందరికి. పొద్దున్నే ఎవరూ లేపకుండా లేస్తున్నారు, గొంతు విప్పి మాట్లాడుతున్నారు, ఇంటికి ఉత్తరాలు రాస్తున్నారు. 1957లో సుమారు నలభైమంది అనుభవంతో కూన్ వ్యాసం అచ్చయింది. ఆ సెప్టెంబరులో జూరిచ్ మహాసభలో చెబితే గదిలో వినడానికి పన్నెండుమందో ఎంతమందో ఉన్నారట. అన్ని ఖాళీ కుర్చీల మధ్య చెప్పిన మాట ముప్పై ఏళ్లు తిరిగేసరికి విజయనగరంలో మా వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

కానీ ఈ కథను ఇక్కడితో ఆపితే నేను చరిత్ర చెప్పినదాన్ని కాను. 2019లో ఒక పరిశోధక బృందం ఆ ఆస్పత్రి కాగితాలన్నీ తిరగేసి బయటపెట్టింది. ఇంకా అనుమతి లేని ఎన్నో పదార్థాలను అక్కడ దశాబ్దాల పాటు వేలమంది మీద ప్రయోగించారు. సరిగ్గా చెప్పి ఒప్పుకోలు తీసుకున్నది లేదు. అది చదివిన రోజు నా మందు పెట్టె ముందు కూర్చుండిపోయాను. నన్ను లేపి నిలబెట్టిన మాత్ర, ఎవరూ అడగని ఆడవాళ్ల ఒంటి మీదుగా నాదాకా వచ్చింది. కూన్‌కు నేను రుణపడ్డాను. ఆ ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ రుణపడ్డాను. వాళ్ల పేర్లు నాకు తెలియవు.

రెండో మందు కూడా అలా వెతకనిచోటే దొరికింది. 1952లో న్యూయార్క్ స్టేటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయరోగులకు ఇప్రోనియజిడ్ ఇచ్చారు. ఆకలి పుట్టింది, మంచం పట్టినవాళ్లు వరండాల్లో నవ్వుతూ తిరిగారు. 1957లో నాథన్ క్లైన్ దాన్ని కుంగుబాటుకు వాడి చూపించాడు. మన సర్పగంధికీ ఈ కథలో చోటుంది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాని వేరు రక్తపోటుకూ ఉన్మాదానికీ పనిచేస్తుందని రాశారు. 1952లో అందులోంచి రెసర్పిన్ తీశారు. అది వాడిన రక్తపోటు రోగుల్లో కొందరు దిగాలుపడిపోయారు. మెదడులో సెరొటోనిన్ లాంటి రసాయనాలు తరిగిపోతే మనసు కుంగుతుందేమోనన్న ఊహకు అదొక ఆసరా అయింది. ఊహ పూర్తిగా నిలబడలేదు, మందులు మాత్రం నిలబడ్డాయి. నేను 1996 నుంచి వాడుతున్న ఫ్లువాక్సెటిన్ ఆ ఊహ పుణ్యమే. అమెరికాలో 1987 డిసెంబరులో దానికి అనుమతి వచ్చింది.

కరెంటు వైద్యం గురించి కూడా ఒక మాట. 1938లో రోములో చెర్లెట్టి, బీనీ మొదలుపెట్టారు. మన దేశంలో చాలాకాలం మత్తు లేకుండానే ఇచ్చిన చోట్లుండేవి. జనంలో ఉన్న హడలు అక్కడిది. మత్తుమందూ కండరాలు సడలించే మందూ లేకుండా ఇవ్వడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. 1994లో మళ్లీ పడిపోయినప్పుడు, మాత్రలకు లొంగనప్పుడు, నాకు మత్తిచ్చే ఆరుసార్లు ఇచ్చారు. ఆ నెల రోజుల జ్ఞాపకం కొంత పోయింది, నేను మిగిలాను. మళ్లీ అవసరమైతే మళ్లీ ఒప్పుకుంటాను.

చట్టం అంటే గుర్తొచ్చింది. 1989లో నేను వరసలో నిల్చున్న రోజున అమల్లో ఉన్నది 1912 నాటి లూనసీ చట్టం. 1987లో కొత్తది చేశారు గానీ 1993 ఏప్రిల్‌లో గానీ అమల్లోకి రాలేదు.

మందుతోనే అంతా అయిందని చెప్పలేను. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు ఇంటివాళ్లనూ ఉండమన్నారు. వాళ్లే వండిపెట్టారు, వాళ్లే రోగిని తిప్పారు, పొరుగు గుడారంలో ఇంకొకరు బాగవడం కళ్లారా చూశారు. ఆ సంగతి చదివినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. అమ్మకు ఏ గుడారమూ లేదు. సాయంత్రం అయ్యేసరికి నా చేతిలో సజ్జ పెట్టి, "పది మొగ్గలు కొయ్యి చాలు" అని మల్లెపందిరి కిందికి తోసేది. ఇష్టం లేకపోయినా కోసేదాన్ని. మర్నాడు ఇరవై. చాలా ఏళ్ల తర్వాత గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసిన అధ్యయనం గురించి చదివాను. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిదిసార్లు రోగితో కూర్చోబెట్టారు. మానేసిన చిన్నచిన్న పనులు మళ్లీ ఒక్కొక్కటే చేయించడం అందులో ముఖ్యం. మూడు నెలలకు వాళ్లలో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లలో 39 శాతం. ఆ అంకెలు చూసి పందిరి కింద మొగ్గలు లెక్కపెట్టుకున్నాను.

అమ్మ పోయి పదకొండేళ్లు. పోయిన కార్తీకంలో మా పక్కవాటా కుర్రది, ఇంజినీరింగ్ రెండో ఏడు, మూడు వారాలు గదిలోంచి రాలేదు. వాళ్లమ్మ రాత్రివేళ మా ఇంటికొచ్చి, "టీచరుగారూ, వాల్తేరు తీసుకెళ్దామనుకుంటున్నామండీ. మీరు తోడొస్తారా? ఎవరైనా అడిగితే సింహాచలం అని చెప్తాను" అంది. వస్తానన్నాను. కొండెక్కి దణ్ణం పెట్టుకునే వెళ్దామని కూడా అన్నాను.

దర్శనం అయ్యాక సిటీ బస్సెక్కాం. కిటికీ పక్కన పిల్ల, మధ్యలో వాళ్లమ్మ, చివర నేను. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. వాళ్లమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మెంటల్ ఆస్పత్రి దగ్గరికి. మూడు" అన్నాను, వెనక సీటుదాకా వినబడేలా.

"చిల్లరుంటే ఇవ్వండమ్మా" అంటూ టిక్కెట్లు చేతిలో పెట్టి ముందుకెళ్లాడు.