తక్కువ బడ్జెట్ గేమింగ్ కంప్యూటరు: విడిభాగాల ఎంపిక

ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ వంటి భాగాలను విడివిడిగా కొని, ఆటలకు అనువుగా బిగించుకున్న కంప్యూటరును అసెంబుల్డ్ గేమింగ్ పీసీ అంటారు. చేతిలో ఉన్న సొమ్ము ఇంతేనని ముందే తేలిపోయినప్పుడు ఈ ఎంపిక మొత్తం పంపకాల లెక్కగా మారుతుంది. ఒక భాగం మీద అదనంగా పెట్టిన ప్రతి వెయ్యి రూపాయలూ మరో భాగం నుంచి తీసినవే కాబట్టి, ఏ భాగం మేలైనదని అడిగే ముందు ఏ భాగానికి ఎంత అవసరమో తేల్చుకోవలసి ఉంటుంది. భారతదేశంలో అమ్ముడయ్యే కంప్యూటర్ భాగాల్లో అధికభాగం దిగుమతి సరుకు కావడం వల్లా, వాటిపై 18 శాతం జీఎస్టీ ఉండడం వల్లా, డాలర్లలో ప్రకటించిన ధరను రూపాయల్లోకి మార్చితే వచ్చే అంకెకూ, అందరూ సీటీసీ అని పిలిచే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల్లో చెప్పే ధరకూ పొంతన కుదరదు. అమెరికాలో చవకబేరమని పేరు పడ్డ కార్డు ఇక్కడ అలా ఉండకపోవచ్చు.

ఫ్రేమ్ తయారయ్యే తీరు

ఆట నడుస్తున్నంతసేపూ తెర మీద కనిపించేది వెంటవెంటనే మారే నిశ్చల చిత్రాల వరుస. అందులో ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. పాత్రలు ఎక్కడ ఉన్నాయి, తూటా ఎవరికి తగిలింది, ఏ వస్తువు ఎటు పడుతోంది వంటి విషయాలను ముందుగా ప్రాసెసరు లెక్కగట్టి, గీయవలసినవాటిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తుంది. కార్డు వాటిని వెలుగునీడలతో సహా లక్షల పిక్సెళ్లుగా మారుస్తుంది. కార్డు ఒక ఫ్రేమును గీస్తుండగానే ప్రాసెసరు తర్వాతి ఫ్రేము లెక్కలో పడుతుంది కనుక, ఆట వేగాన్ని నిర్ణయించేది రెండింటిలో నెమ్మదైనదే. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, 144 రావాలంటే 6.9 మిల్లీసెకన్లు గడువు ఉంటుంది. ప్రాసెసరు తన వంతు పనిని 8 మిల్లీసెకన్లలో ముగించినా కార్డుకు 16 మిల్లీసెకన్లు పడుతుంటే సెకనుకు 62 ఫ్రేములకు మించి రావు. అప్పుడు రెట్టింపు ఖరీదైన ప్రాసెసరు తెచ్చి పెట్టినా ఆ అంకె కదలదు. ఇలా ఒక భాగం మిగతావాటిని నిలబెట్టేయడాన్ని బాటిల్‌నెక్ అంటారు. ప్రతి కంప్యూటరులోనూ ఏదో ఒకచోట ఇది ఉండక తప్పదు గానీ, గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంటే రిజల్యూషన్‌నో నీడల నాణ్యతనో తగ్గించి భారం దించవచ్చు. ప్రాసెసరు దగ్గర ఉంటే ఆటలోని సెట్టింగులతో తగ్గేది చాలా కొద్ది.

మానిటర్

కొనుగోలు చీటీలో చివర రాసే మానిటర్‌ను నిజానికి మొదట తేల్చుకోవాలి, ఎందుకంటే కార్డుకు ఎంత పని పడుతుందో చెప్పేది అదే. 1920×1080 తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, 2560×1440 తెరలో 36.9 లక్షలు, 4కే తెరలో 82.9 లక్షలు ఉంటాయి. పిక్సెళ్లు పెరిగితే కార్డు మీద భారం పెరుగుతుంది గానీ ప్రాసెసరు పని దాదాపు అంతే ఉంటుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలు ఆడేవారు తక్కువ సెట్టింగుల్లో ఎక్కువ ఫ్రేములు కోరుకుంటారు కాబట్టి వారికి 1080పీ, 144 హెర్ట్జ్ మానిటరూ, కొంత గట్టి ప్రాసెసరూ అక్కరకొస్తాయి. సైబర్‌పంక్ 2077 వంటి భారీ ఆటల కోసమైతే అదే సొమ్మును కార్డు వైపు జరపాలి. తక్కువ బడ్జెట్‌లో 4కే మానిటర్ కొనడమంటే, ఆ తెర నింపగల కార్డు కోసం మరో బడ్జెట్ వెతుక్కోవడమే.

గ్రాఫిక్స్ కార్డు

మానిటర్, కీబోర్డు, మౌస్‌లను పక్కన పెడితే, మొత్తం ఖర్చులో 35 నుంచి 45 శాతం గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించడం సబబైన లెక్క. 60 వేల రూపాయల బడ్జెట్‌లో ఇది 21 నుంచి 27 వేల మధ్య ఉంటుంది. కార్డును దాని పేరులోని అంకెను బట్టి ఎంచుకోవడం ఈ రంగంలో అందరూ చేసే పొరపాటు. ఎన్విడియా 2021లో విడుదల చేసిన ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ మెమరీ, 192 బిట్ల బస్ ఉండగా, మరుసటి ఏడాది అదే పేరుతో వచ్చిన 8 జీబీ రకంలో బస్ 128 బిట్లకు కుదించుకుపోయింది. బస్ అంటే చిప్‌కూ మెమరీకీ మధ్య సమాచారం నడిచే దారి కాబట్టి, పెట్టె మీద పేరు ఒకటే అయినా రెండో రకం స్పష్టంగా వెనకబడుతుంది.

ఏఎండీ 2022 జనవరిలో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇంకా మంచి పాఠం. మదర్‌బోర్డుతో మాట్లాడే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు మామూలుగా కార్డులకు 16 గానీ 8 గానీ ఉండగా దీనికి నాలుగే ఉన్నాయి. మెమరీ 4 జీబీ. ఆటను రికార్డు చేయడానికో స్ట్రీమ్ చేయడానికో తోడ్పడే వీడియో ఎన్‌కోడరు లేనే లేదు. కార్డు సొంత మెమరీ నిండిపోయినప్పుడు, టెక్స్‌చర్లను, అంటే గోడలు, బట్టలు, ముఖాల మీది రంగుల పొరలను, ఆ లేన్ల మీదుగా ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వస్తుంది. నాలుగు లేన్లతో, అందునా పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 బోర్డు మీద, దారి మరింత ఇరుకై ఆట క్షణక్షణానికీ తడబడుతుంది. సగటు ఫ్రేముల సంఖ్య ఈ తడబాటును దాచేస్తుంది. అందుకే సమీక్షల్లో అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల ఆధారంగా కట్టే ‘1 శాతం లో’ అంకెను చూడాలి.

మెమరీ విషయంలో నేడు 8 జీబీని కనీసంగా భావించవచ్చు. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 ఆ మెమరీతో, 132 వాట్ల విద్యుత్తుతో 1080పీ ఆటలను చక్కగా నడపడం వల్ల చాలాకాలం చవక కంప్యూటర్లకు ఆనవాయితీ కార్డుగా నిలిచింది. 2024 డిసెంబరులో ఇంటెల్ తెచ్చిన ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది. అయితే ప్రాసెసరు కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునేలా చేసే రీసైజబుల్ బార్ సౌకర్యం లేని పాత కంప్యూటరులో అది బాగా చతికిలబడుతుంది. 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8, 16 జీబీల్లో రెండు రకాలుగా దొరుకుతుంది. నాలుగైదేళ్లు వాడదలచినవారికి రెండో రకం మీద పెట్టే అదనపు ఖర్చు వృథా కాదు.

తక్కువ రిజల్యూషన్‌లో గీసిన చిత్రాన్ని పెద్దది చేసి చూపే అప్‌స్కేలింగ్ కూడా లెక్కలోకి వస్తుంది. ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ దాని ఆర్‌టీఎక్స్ కార్డుల మీదే నడుస్తుంది. 2021లో మొదలైన ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ తొలి రూపాలు ఇతర కంపెనీల కార్డుల మీదా నడుస్తాయి. 1080పీ తెర మీద వీటి క్వాలిటీ మోడ్ అంటే లోపల గీస్తున్నది 1280×720 మాత్రమే కావడంతో, ఆ సాయం 1440పీలో కనిపించినంత అందంగా ఇక్కడ కనిపించదు.

ప్రాసెసరు, మదర్‌బోర్డు

ఈ రెండింటినీ జంటగానే ఎంచుకోవాలి, ఎందుకంటే ప్రాసెసరు కూర్చునే సాకెట్ బోర్డుకు అతికి ఉంటుంది. ఏఎండీ ఏఎం4 సాకెట్ మీద 2017 నాటి తొలి రైజెన్లూ, 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీ కూడా నడిచాయి; తొలి బోర్డు కొన్నవారిలో చాలామంది బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్ అయిన బయాస్‌ను నవీకరించుకుని, బోర్డు మార్చకుండానే అయిదేళ్ల తర్వాతి ప్రాసెసరును పెట్టుకోగలిగారు. ఇంటెల్ అదే కాలంలో ఎల్‌జీఏ 1151, 1200, 1700 అంటూ సాకెట్లు మార్చుకుంటూ వచ్చింది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5కు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. ఏఎం4లో ఇక కొత్త తరం రాదని తెలిసినా, రైజెన్ 5 5600 వంటి ఆరు కోర్ల ప్రాసెసర్లు, డీడీఆర్4 ర్యామ్, చవక బోర్డులు కలిసి అతి తక్కువ ఖర్చు కూర్పుగా దాన్ని చాలాకాలం నిలిపాయి. ఇంటెల్ వైపు నాలుగు కోర్ల కోర్ ఐ3-12100ఎఫ్, ఆరు కోర్ల ఐ5-12400ఎఫ్ అదే స్థానంలో ఉన్నాయి.

ప్రాసెసరు పేరు చివరి అక్షరాన్ని చూడకుండా కొనకూడదు. ఇంటెల్ పేర్లలో ‘ఎఫ్’ ఉంటే అంతర్గత గ్రాఫిక్స్ లేనట్టే. కార్డు పాడై వారంటీకి వెళ్లిన రోజుల్లో ఆ కంప్యూటరుకు తెర మీద బొమ్మ రాదు. ఏఎండీ ‘జీ’ రకాల్లో అంతర్గత గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి, ముందు 5600జీతో మొదలుపెట్టి కార్డు తర్వాత కొందామనుకునేవారు ఎక్కువే. ఆ ప్రాసెసరులో ఎల్3 క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ, 5600లోని 32 ఎంబీలో సగమే ఉందనీ, అది పీసీఐ 3.0కే పరిమితమనీ ముందే తెలిసి ఉండడం మంచిది. రేపు మంచి కార్డు పెట్టినప్పుడు 5600తో వచ్చినన్ని ఫ్రేములు దీంతో రావు.

మదర్‌బోర్డు మీద పెట్టే అదనపు డబ్బు ఫ్రేముల సంఖ్యను దాదాపుగా పెంచదు. 65 వాట్ల ప్రాసెసర్లకు ఏ520, హెచ్610 బోర్డులు చాలు. రెండో రకంలో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయన్నదొక్కటే గుర్తుంచుకోవాలి. దుకాణంలో చాన్నాళ్లుగా ఉన్న బోర్డు పాత బయాస్‌తో కొత్త ప్రాసెసరును గుర్తించకపోవచ్చు కాబట్టి, బిల్లు వేయించే ముందే బయాస్ అప్‌డేట్ చేసి ఇమ్మని అడగడం ఆనవాయితీ.

ర్యామ్, స్టోరేజి

గేమింగ్ కంప్యూటరుకు 16 జీబీ ర్యామ్ నేటి కనీసం. దాన్ని ఒకే స్టిక్‌గా కాక 8 జీబీవి రెండుగా కొంటే డ్యూయల్ చానెల్ పద్ధతిలో సమాచారం రెండు దారుల్లో నడుస్తుంది. అంతర్గత గ్రాఫిక్స్‌కు ర్యామే వీడియో మెమరీ కాబట్టి ‘జీ’ ప్రాసెసర్లలో ఈ తేడా మరీ పెద్దది. 3200 వేగం అని కొన్న డీడీఆర్4 ర్యామ్ బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఎంపికను ఆన్ చేసేదాకా సాధారణంగా 2133 లేదా 2666 వేగంతోనే నడుస్తుంది, ఏళ్ల తరబడి ఆ సంగతి తెలియకుండానే వాడుకునేవారూ ఉంటారు. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరగడంతో, డీడీఆర్4 పాత బోర్డుల మీద ఉన్న ర్యామ్‌ను తీసి మళ్లీ వాడుకోవడానికి విలువ వచ్చింది.

సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ, పీసీఐ 3.0 ఎన్‌వీఎంఈ రకం 3,500 ఎంబీ దాకా చదవగలిగినా, ఆట తెరుచుకునే సమయంలో ఈ రెండింటి మధ్య తేడా చిన్నది. హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారడంలో ఉన్న తేడాయే పెద్దది. బాల్డర్స్ గేట్ 3 ఒక్కదానికే 150 జీబీ ఖాళీ కావాలి కాబట్టి వేగం కంటే పరిమాణానికే ఖర్చు పెట్టి, వీలైతే 1 టీబీ తీసుకోవాలి.

ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్

ఇంటి 230 వోల్టుల విద్యుత్తును కంప్యూటరుకు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చేది ఎస్‌ఎంపీఎస్. బడ్జెట్ బిగుసుకున్నప్పుడు మొదటి కోత పడేది దీని మీదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేవాటి మీద 450 వాట్లని రాసి ఉన్నా, పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల వరుస చదివితే అసలు సంగతి బయటపడుతుంది: అక్కడ 18 యాంపియర్లని ఉంటే 12ను 18తో గుణించగా వచ్చే 216 వాట్లే ప్రాసెసరుకూ కార్డుకూ కలిపి దక్కేది. రైజెన్ 5 5600, ఆర్‌ఎక్స్ 6600 ఉన్న కంప్యూటరు ఆటలో మూడు వందల వాట్లకు లోపే తీసుకుంటుంది కాబట్టి నమ్మకమైన 500 లేదా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది. 80 ప్లస్ ముద్ర విద్యుత్తును ఎంత తక్కువ వృథాతో మారుస్తుందో మాత్రమే తెలుపుతుంది. వోల్టేజి ఎగబాకినప్పుడో, ఎక్కడైనా షార్ట్ అయినప్పుడో ఆ పరికరం తనంతట తాను ఆగుతుందా అన్నది విడిగా చూడాలి.

వేసవిలో కరెంటు తరచూ పోయి వచ్చే ఊళ్లలో యూపీఎస్ ఖర్చునూ బడ్జెట్‌లో చేర్చుకోవాలి. మార్కెట్లో మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇవ్వగలిగేది 360 వాట్ల చుట్టూ ఉంటుంది, మానిటర్‌ను కలిపితే అది అంచుమీద ఉన్నట్టే. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు దాని మీద ఉండే యూపీఎస్ మోడ్ స్విచ్ వేసుకుంటే, కరెంటు మారే క్షణంలో కంప్యూటరు ఆగిపోయే అవకాశం తగ్గుతుంది.

క్యాబినెట్

గాలి కూలర్ ఏదైనా భాగాన్ని గది ఉష్ణోగ్రత కంటే చల్లగా ఉంచలేదు. 25 డిగ్రీల గదిలో కార్డు 70 డిగ్రీల దగ్గర నడుస్తోందంటే, రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల మధ్యాహ్నం ఏసీ లేని 40 డిగ్రీల గదిలో అది 85కు చేరి, వేడి హద్దు దాటకుండా వేగాన్ని తానే తగ్గించుకోవచ్చు. చల్లని దేశాల్లో తీసిన పరీక్షా ఫలితాలను ఇక్కడ అలాగే నమ్మలేకపోవడానికి ఇదొక కారణం. ముందువైపు అద్దం ఉన్న అందమైన క్యాబినెట్ కంటే జాలీ ముఖం, కడగడానికి వీలైన దుమ్ము ఫిల్టరు, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి ఉన్న సాదా క్యాబినెట్ మేలు. రంగురంగుల ఆర్‌జీబీ దీపాలకు పెట్టే డబ్బు ఫ్రేముల్లోకి రాదు.

సెకండ్ హ్యాండ్ భాగాలు

2020–22 మధ్య గ్రాఫిక్స్ కార్డుల కొరతకు ఒక కారణం క్రిప్టో మైనింగ్. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుని కార్డులతో మైనింగ్‌ను నిలిపివేశాక వాడిన కార్డులు పెద్దసంఖ్యలో అమ్మకానికి వచ్చాయి. రాత్రింబవళ్లు నడిచిన కార్డు చెడిపోయినదేనని అనుకోనక్కర్లేదు. ముందుగా అరిగేది ఫ్యాన్లూ థర్మల్ పేస్టూ. పాత చిప్‌కు కొత్త పేరు రాసిన నకిలీ కార్డులను మాత్రం జీపీయూ-జెడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అమ్మేవాడి ఎదుటే పరీక్షించుకోవాలి. కొన్ని కంపెనీలు సీరియల్ నంబరును, మరికొన్ని మొదటి కొనుగోలుదారు బిల్లును బట్టి వారంటీ ఇస్తాయి కనుక, పాత కార్డుకైనా బిల్లు అడిగి తీసుకోవాలి.

కార్యాలయాలు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్‌ను కొని, దానికి కార్డు తగిలించడం అన్నింటికంటే చవక దారి. వాటి ఎస్‌ఎంపీఎస్ తరచుగా ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉండి, కార్డు కోసం విడి కనెక్టరు లేకపోవడంతో, స్లాట్ ఇచ్చే 75 వాట్లలోనే పనిచేసే జీటీఎక్స్ 1650 వంటి కార్డుల దగ్గరే ఆగాల్సి వస్తుంది. సన్నని డబ్బా అయితే పొట్టి లో ప్రొఫైల్ రకమే పడుతుంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే నడుస్తుంది, ఆ విండోస్ మీద వాలరెంట్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలను అడుగుతుంది. కాబట్టి నాలుగో తరం ఐ5 డెస్క్‌టాప్ ఎంత చవకగా దొరికినా, ఆ ఆట కోసం కొనేవారు ఎనిమిదో తరానికి ముందువాటి జోలికి పోకపోవడం మేలు.